చిన్న కమతమును వ్యాపారముగా రిజిస్టరు చేయవలెనా?

(రైతుల సభయందు చదివిన యుపన్యాసము)



ఈ సభలో మాటలాడుమని వ్యవసాయ శాఖవారు నన్ను పిలిచినపుడు నేను కొంత వెనుకాడితిని. నేను పంటల శాస్త్రము చదివినవాడను గాను. పదవ తరగతితో చదువు చాలించి రెవిన్యూ శాఖలో తర్జుమా పనియందు చేరితిని. సర్కారు ఉత్తరువులను తెలుగులోనికి మార్చుటయు, రైతుల అర్జీలను ఇంగ్లీషులోనికి మార్చుటయు నా నిత్యకృత్యము. అయినను ఇరువదియైదేండ్లుగా ఈ పని చేయుటచే నాకొక సంగతి తెలిసినది. రైతునకు గలుగు చిక్కులలో సగము చట్టముయొక్క కాఠిన్యమువలన గలుగుట లేదు. ఒక చట్టములోని మాటను మఱియొక చట్టమునకు పట్టించుకొనుటవలన గలుగుచున్నవి. నేటి విషయమును అట్టిదే.

పోయిన వానకాలములో ఒక రైతు మా కచ్చేరీకి వచ్చెను. ఆయనకు నాలుగెకరముల వరిపొలము గలదు. అదిగాక ఇంటి వెనుక ఎకరమున్నర మెట్ట గలదు. వరి పొట్టకొఱకు, మెట్ట ముచ్చటకొఱకు అని ఆయనయే చెప్పెను. ఆ మెట్టలో పది మామిళ్ళు, మిగిలిన చోట నువ్వులు, ఒక మూల మొక్కల మడి, కొట్టములో రెండు గేదెలు. కోడలు చేతిపని తెలిసినది గావున నువ్వులను కట్టెగానుగలో ఆడించి నూనెను సీసాలలో పోసి, పట్టణములోని యొక దుకాణమునకును తెలిసినవారికిని అమ్ముచున్నది. ఈ సంగతి విని ఒక మధ్యవర్తి వచ్చి, "మీరిప్పుడు వ్యాపారస్థులు, రిజిస్టరు కానిచో జరిమానా పడును, పదునైదు వేలిచ్చినచో కాగితములన్నియు నేను చేయించెదను" అనెను. రైతు ఆ సొమ్ము అప్పు తెచ్చి జేబులో పెట్టుకొని, ఇచ్చుటకు ముందు ఒక మాట అడిగిపోవుదమని నాయొద్దకు వచ్చెను. ఆయన చేతిలో ఆ మధ్యవర్తి వ్రాసియిచ్చిన చీటి యుండెను. అందు ఐదు రిజిస్ట్రేషనుల పేర్లుండెను. వానిలో రెండు ఆయనకు అక్కఱలేనివి, ఒకటి ఉచితముగా దొరకునది, ఒకటి హానికరమైనది. ఒక్కటి మాత్రము నిజముగా కావలసినది.

మొదట మాటను గుఱించి చెప్పవలెను. "వ్యాపారముగా రిజిస్టరు చేయుట" అనునది ఒక్క పని గాదు. మన దేశములో అట్టి ఒక్క పుస్తకము లేదు. ఆదాయపు పన్నువారికి ఒక లెక్క, వస్తు సేవల పన్నువారికి ఒక లెక్క, ఆహార భద్రతవారికి ఒక లెక్క, కరెంటువారికి ఒక లెక్క. ఒకచోట సేద్యమైనది మఱియొకచోట వ్యాపారము కావచ్చును. అంతకంటె ముఖ్యమైనది వినుడు. రిజిస్టరు చేసినంతమాత్రమున సేద్యము వ్యాపారము గాదు. చేయనంతమాత్రమున వ్యాపారము సేద్యము గాదు. చట్టము పనిని చూచును. కాగితము పని వెనుక నడచునదే గాని ముందు నడచునది గాదు.

ఆదాయపు పన్ను సంగతి ముందు చూతము. ఇంగ్లీషువారు 1860లో మొదట ఆదాయపు పన్ను వేసినపుడు భూమి ఆదాయమును గూడ అందులో చేర్చిరి. 1886 చట్టము భూమి ఆదాయమును మినహాయించెను. రాజ్యాంగమునందు వ్యవసాయాదాయముపై పన్ను వేయు నధికారము రాష్ట్రముల జాబితాలో నున్నది. 1961 చట్టములో వ్యవసాయాదాయమునకు మినహాయింపు గలదు. ఆ చట్టము స్థానమున 2026 ఏప్రిలు 1 నుండి అమలుకు వచ్చునట్లు చేసిన 2025 చట్టములోను ఆ మినహాయింపు నిలిచినది. కాని వ్యవసాయాదాయమనగా నేమి? 1957లో సుప్రీము కోర్టువారు ఒక జమీందారు అడవి వ్యాజ్యములో దీనిని విప్పి చెప్పిరి. దున్నుట, విత్తుట, నాటుట మొదలైన మూలక్రియలు మనుష్యుని శ్రమతోను నేర్పుతోను భూమిపైననే జరుగవలెను. కలుపు తీయుట, కొమ్మలు నఱకుట, కోయుట మున్నగు తరువాతి పనులు మూలక్రియలతో కూడినప్పుడే సేద్యమగును. అవి యొంటరిగా సేద్యము గావు.

ఈ కొలబద్దతో ఆ రైతు మెట్టను కొలువుడు. మామిడిపండ్లు సేద్యము. నువ్వులు సేద్యము. మొక్కల మడి విషయమై పూర్వము వాదములుండెను. 2008 ఆర్థిక చట్టము ఆ వాదమును ముగించి, నర్సరీలో పెంచిన నారు మొక్కల ఆదాయమును వ్యవసాయాదాయముగనే భావింపవలెనని నిర్దేశించెను. కడియపు నర్సరీలవారికి ఇది గొప్ప యూరట. కాని పెంచిన మొక్కకే ఈ మాట వర్తించును. ఒకచోట కొని మఱియొకచోట అమ్మిన మొక్కకు వర్తింపదు. గేదెల పాలు సేద్యము గాదు. ఇది విని మన రైతులు ఆశ్చర్యపడుదురు. గడ్డి మన పొలములోనిదే, పేడ మన పొలమునకే, పాలు మాత్రము పరాయివా యని అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని పాలు పశువునుండి వచ్చినవి, భూమినుండి వచ్చినవి గావు అనుట చట్టము మార్గము. కోళ్ళు, గొఱ్ఱెలు గూడ అట్టివే. పుట్టగొడుగుల విషయమున మాత్రము 2018లో హైదరాబాదులోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునలు ప్రత్యేక పీఠమువారు రైతుల పక్షమున నిర్ణయించిరి. గదిలో, అరలలో, మట్టి పెట్టెలలో పెంచినను అది సేద్యమే యనిరి.

ఇక నూనె. ఇచ్చట చట్టములో నొక వాక్యము గలదు. దానిని తర్జుమా చేయుటకు నేనొకప్పుడు రెండు దినములు తంటాలు పడితిని. పంటను సంతకు కొనిపోదగినదిగా చేయుటకు "సేద్యగాండ్రు సాధారణముగా చేయు ప్రక్రియ" గూడ సేద్యమే యని దాని భావము. వడ్లు నూర్చుట, పొగాకు కాల్చుట, మిరపకాయలు ఎండబెట్టుట అట్టివి. సాధారణముగా అను మాట మీద వేలకొలది రూపాయల వ్యాజ్యములు నడచినవి. పంట ఉన్నదున్నట్లుగా సంతలో అమ్ముడుపోవుచున్నచో, దానిని వేఱొక వస్తువుగా మార్చుట సంతకొఱకు చేయు ప్రక్రియ గాదు, పరిశ్రమ. చెఱకునకు చెఱకుగనే గిరాకి యున్నచోట బెల్లము వండుట ఈ కారణముచేతనే మినహాయింపులోనికి రాదని న్యాయస్థానములు చెప్పినవి. నువ్వులు నువ్వులుగనే సంతలో అమ్ముడుపోవును గదా. కావున నూనె తీయుట పరిశ్రమ.

అయితే భయపడవలదు. నూనె ఆదాయమంతయు పన్నులోనికి పోదు. సొంత పంటను ముడిసరకుగా వాడినపుడు, ఆ పంటయొక్క సంత ధరను ముందుగా తీసివేయవలెనని నిబంధన గలదు. ఒక లెక్క చూతము. నాలుగు క్వింటాళ్ళ నువ్వులు పండినవనుకొందము. సంతలో అవి 40,000 రూపాయలు చేయుననుకొందము. గానుగ ఆడించగా 160 కిలోల నూనె, 230 కిలోల తెలగపిండి వచ్చెను. నూనె కిలో 400 చొప్పున 64,000, తెలగపిండి కిలో 40 చొప్పున 9,200, మొత్తము 73,200. దీనినుండి నువ్వుల సంత ధర 40,000 తీసివేయుడు. కూలి, సీసాలు, కరెంటు మొదలైన ఖర్చులు 15,000 తీసివేయుడు. మిగిలిన 18,200 మాత్రమే వ్యాపారపు ఆదాయము. ఆ 40,000 సేద్యపు ఆదాయమే. ఈ విభాగము చేయవలెనన్న నువ్వులు ఎన్ని పండినవో, ఆ దినము సంతలో ధర యెంతయో వ్రాసిన కాగితము ఉండవలెను. మన రైతులు ధరను మనసులో నుంచుకొందురు. మనసు సాక్ష్యమునకు పనికిరాదు. మార్కెటు యార్డు ధరను ఆ దినమే ఒక పుస్తకములో వ్రాసికొన్నచో చాలును.

పాలు, నూనె కలిపి ఆ కోడలికి వచ్చునది సర్కారు పెట్టిన కనీస పరిమితికి ఎంతో క్రింద నుండును. పరిమితి దాటనిచో పన్నును లేదు. దీనికై ఏ వ్యాపార రిజిస్ట్రేషనును ఆదాయపు పన్నువారు అడుగరు. పాన్ కార్డు చాలును.

ఈ సభలో ఉద్యోగము చేయుచు ఆదివారము పొలమునకు పోవు మిత్రులు కొందఱున్నారు. నేనును ఆ కోవలోనివాడనే. వీరికి వేఱొక మాట చెప్పవలెను. ఏలయనగా వీరిలో పలువురు "పొలము మీద నష్టమే వచ్చుచున్నది, దానిని వ్యాపారముగా రిజిస్టరు చేసినచో ఆ నష్టమును జీతములో చూపి పన్ను తగ్గించుకొందము" అని తలచుచున్నారు. ఇది నెఱవేఱని ఆశ. మొదటిది, సేద్యపు నష్టమును జీతములోనుండి తీసివేయరాదు. సేద్యపు ఆదాయమునకు మినహాయింపున్నప్పుడు దాని నష్టమునకును ఆ చోట స్థానము లేదు. రెండవది, పాలు కోళ్ళు మొదలైన వ్యాపారపు నష్టమును గూడ జీతముతో సరిపెట్టరాదని చట్టము చెప్పుచున్నది; దానిని ముందు సంవత్సరముల వ్యాపార లాభములోనే, ఎనిమిది సంవత్సరములవఱకు, సరిపెట్టుకొనవలెను. ముచ్చటకు పెట్టిన కొట్టములో ముందు సంవత్సరములలో లాభమెక్కడిది? నాకు తెలిసిన యొక మిత్రుడు ఈ యాశతో ఆడిటరునకు రెండేండ్లు రుసుము చెల్లించెను. అతనికి మిగిలినది ఆ రసీదులు మాత్రమే.

మఱియొక సంగతి. సేద్యపు ఆదాయమునకు పన్ను లేదని సంతోషించి దానిని రిటర్నులో చూపకుండుట తప్పు. 1972లో ఆచార్య కె.ఎన్. రాజ్ గారి అధ్యక్షతన నొక సంఘము వ్యవసాయ సంపదపై పన్నును విచారించెను. ఆ తరువాత 1973 ఆర్థిక చట్టము ద్వారా ఒక క్రొత్త పద్ధతి వచ్చెను. సేద్యపు ఆదాయముపై పన్ను వేయరు గాని, మిగిలిన ఆదాయముయొక్క రేటును నిర్ణయించుటకు దానిని లెక్కలోనికి తీసికొందురు. సేద్యపు నికరాదాయము 5,000 రూపాయలకు మించి, ఇతరాదాయము పన్నులేని పరిమితిని దాటినప్పుడే ఈ లెక్క. 2025-26 సంవత్సరపు క్రొత్త పద్ధతి రేటులతో ఉదాహరణము చెప్పెదను. జీతము మొదలైనవి మినహాయింపులు పోగా 14 లక్షలు, సేద్యపు ఆదాయము 2 లక్షలు అనుకొనుడు. మొత్తము 16 లక్షలపై పన్ను 1,20,000. పన్నులేని 4 లక్షలకు సేద్యపు 2 లక్షలు చేర్చగా వచ్చిన 6 లక్షలపై పన్ను 10,000. మొదటిదానినుండి రెండవది తీసివేయగా 1,10,000. సేద్యమే లేనిచో 14 లక్షలపై 90,000 అయ్యెడిది. అనగా సెస్సు గాక 20,000 రూపాయలు ఎక్కువ. ఆ 2 లక్షలను వ్యాపారమని వ్రాసియున్నచో 30,000 ఎక్కువ కావలసివచ్చెడిది. నిజముగా పొలములో పండినదానిని తెలియక "వ్యాపారము" అను వరుసలో వ్రాసినచో ఆ పదివేలు తన చేతులార పోగొట్టుకొన్నట్లే.

వస్తు సేవల పన్ను సంగతి వేఱు. 2017 చట్టములో "వ్యాపారము" అను మాటకిచ్చిన యర్థము చూచి నేను కలము దించి కొంతసేపు కూర్చుంటిని. లాభమున్నను లేకున్నను వ్యాపారమే యని అందున్నది. మన వాడుకలో లాభము లేని వ్యాపారము దానమో వెఱ్ఱియో అగును! కాని అదే చట్టము రైతునకు గొప్ప మినహాయింపిచ్చినది. స్వయముగాగాని, కుటుంబముతోగాని, తన పర్యవేక్షణలో కూలివారితోగాని భూమిని సేద్యము చేయు వ్యక్తి లేదా హిందూ అవిభక్త కుటుంబము, తన భూమిలో పండినదానిని అమ్మినంతవఱకు రిజిస్టరు కానక్కఱలేదు. ఎన్ని లక్షలకు అమ్మినను అంతే. ఈ నిర్వచనములో కంపెనీ లేదు, భాగస్వామ్య సంస్థ లేదు. మధ్యవర్తి మాట విని అన్నదమ్ములు కలిసి పొలమును ఒక ఫర్ము పేర పెట్టినచో, ఆ నిర్వచనమునుండి తాము తొలగినట్లే. ఇది గుర్తుంచుకొనుడు.

నూనె భూమిలో పండినది గాదు, ఆడించినది. దానికి 5 శాతము పన్ను గలదు. కావున దానికి మామూలు పరిమితి వర్తించును. ఇచ్చట సరిహద్దు గ్రామములవారు జాగ్రత్తగా వినవలెను. 2019 నోటిఫికేషనులో సరకులు మాత్రమే అమ్మువారికి ఆంధ్రప్రదేశములో 40 లక్షల పరిమితి. తెలంగాణ మాత్రము 20 లక్షల పరిమితిలోనే నిలిచినది. ఎకరమున్నర నువ్వులతో ఈ రెండింటిలో దేనిని చేరుటయు సాధ్యము గాదు. అయితే పన్నుగల సరకును రాష్ట్రపు ఎల్ల దాటించి అమ్మినచో పరిమితితో పనిలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి. కోదాడ రైతు జగ్గయ్యపేట దుకాణమునకు పది సీసాల నూనె అమ్మినను అంతే. ఆ కోడలు బెంగుళూరులోని బంధువులకు సీసాలు పంపుచున్నదా యని అడిగితిని. పంపుచున్నది గాని డబ్బు తీసికొనుట లేదు, పండుగకు పెట్టుపోత లనెను. అట్లే యుండనిమ్మంటిని.

అక్కఱలేకున్నను రిజిస్టరు అయినచో నష్టమేమి యని కొందఱడుగుదురు. అమ్మకము లేని నెలకును లెక్క దాఖలు చేయవలెను. ఏమియు లేని లెక్కను ఆలస్యముగా దాఖలు చేసినచో దినమునకు 20 రూపాయలు; అది ఒక్కొక్క లెక్కకు 500 మించకుండ 2021లో కట్టడి చేసిరి. ఐదు వందలు చిన్న మొత్తమే. కాని సంవత్సరమంతయు మఱచినవాని లెక్క చూడుడు. విత్తనాల వేళ, కోతల వేళ రైతు కంప్యూటరు దుకాణము చుట్టు తిరుగ గలడా? ఆ మధ్యవర్తి పదునైదు వేలు మొదటి దినము కొఱకే. తరువాతి నెలల రుసుము వేఱు. చీటిలో ఆ సంగతి వ్రాయలేదు.

చీటిలోని మూడవ పేరు ఉద్యమ్. ఇది 2020 జూలై 1న ప్రారంభమైనది. చిన్న పరిశ్రమలకును సేవలకును ఉద్దేశించినది. సేద్యము, పశుపోషణము అందులో చేరవు. ఆధారు, పాన్ ఉన్నచో ఎవరికివారే ఇంటియొద్ద నమోదు చేసికొనవచ్చును; ఒక్క పైసాయు రుసుము లేదు. పాలకొఱకు, మామిడికొఱకు దీనిని తీసికొనుట అర్థము లేని పని. నూనె గానుగకు తీసికొనవచ్చును. దానివలన నొక ప్రయోజనము నిజముగా గలదు. నమోదైన చిన్న పరిశ్రమనుండి సరకు కొన్నవాడు, వ్రాత యొప్పందమున్నను 45 దినములకు మించి డబ్బు నిలుపరాదు. నిలిపినచో బ్యాంకు రేటునకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇచ్చుకొనవలెనని 2006 చట్టము చెప్పుచున్నది. పట్టణపు దుకాణదారుడు నాలుగు నెలలుగా బాకీ పెట్టినాడని ఆ కోడలు వాపోవుచున్నదట. ఆమెకిది అక్కఱకు వచ్చునది. అప్పుకొఱకు మాత్రము దీనిని తీసికొనవలదు. కిసాన్ క్రెడిటు కార్డును 2018-19లో పశుపోషణమునకును చేపలకును విస్తరించిరి. గేదెల మీద అప్పునకు రైతుగనే బ్యాంకుకు పోవచ్చును.

నాలుగవది ఆహార భద్రత. 2006 చట్టము రైతును, అతడు పొలమువద్ద పండించిన పంటను తన యధికారమునుండి పూర్తిగా తప్పించినది. మామిడిపండ్లు బుట్టలో పెట్టి అమ్ముటకు ఏ లైసెన్సును అక్కఱలేదు. నూనె సీసాలో పోసి మూత బిగించిన క్షణమునుండి ఆమె ఆహార వ్యాపారి. ఇది తప్పించుకొనరానిది. 2011 నిబంధనలలో సంవత్సరపు అమ్మకము 12 లక్షలు మించని చిన్నవారికి లైసెన్సు గాక రిజిస్ట్రేషను చాలునని, రుసుము సంవత్సరమునకు 100 రూపాయలని పెట్టిరి. నేను ముందు "నిజముగా కావలసినది ఒక్కటి" అన్నది దీనినే. ఐదింటిలో ఇది మిక్కిలి చౌక, మిక్కిలి అవసరము. మధ్యవర్తి చీటిలో చిట్టచివర చిన్న అక్షరములతో నుండెను. నూనెలో తేడా వచ్చి యెవరికైన జబ్బు చేసినచో రిజిస్ట్రేషను లేని సీసా మీద ఎవరి పేరునకును రక్షణ లేదు.

హానికరమైనదన్నది మఱియొకటి గలదు. ఎకరమున్నరను వ్యవసాయేతర భూమిగా మార్పించెదనని మధ్యవర్తి వ్రాసెను. గానుగ కొట్టము పది గజముల పొడవు. దానికై మెట్టనంతటిని మార్చుట యేమి న్యాయము? తెలంగాణలో 2018లో రైతు బంధుగా ఆరంభమై 2025 జనవరిలో రైతు భరోసాగా మారిన పథకము సేద్యయోగ్యమైన భూమికే ఎకరమునకు సంవత్సరమునకు 12,000 అని ప్రకటించిరి. సేద్యము నుండి తొలగిన భూమికి అది లేదు. పట్టాదారు పాసుపుస్తకములో నొకసారి వర్గము మారినపిమ్మట దానిని వెనుకకు మార్పించుట ఎంత కష్టమో మా కచ్చేరీలో నేను దినదినము చూచుచున్నాను. అట్టి అర్జీలు నా బల్లపైననే తర్జుమాకు వచ్చును. కొన్ని అర్జీలు మూడు సార్లు తర్జుమా చేసితిని. అర్జీదారుడు మారెను, తండ్రి పోయి కొడుకు వచ్చెను, అర్జీ మాత్రము అదే.

కిసాన్ సమ్మాన్ నిధి విషయము గూడ ఆ రైతు భయముతో అడిగెను. 2019లో ప్రారంభమైన ఆ పథకములో సంవత్సరమునకు 6,000 రూపాయలు. గత సంవత్సరము ఆదాయపు పన్ను చెల్లించినవారి కుటుంబమునకు అది లేదు. ఇచ్చట మాట జాగ్రత్తగా చదువవలెను. "చెల్లించిన" అని యున్నది. రిటర్ను దాఖలు చేసిన అని లేదు, ఉద్యమ్‌లో నమోదైన అని లేదు. అప్పుకొఱకని బ్యాంకువారు చెప్పినందున లాభమును పెంచి చూపి, నాలుగు వందల పన్ను కట్టి, ఆఱువేలు పోగొట్టుకొన్న వాని దరఖాస్తు నేను చదివియున్నాను. నేను సర్కారు ఉద్యోగిని గావున ఆ సొమ్ము నాకెటులును రాదు. ఇందులో నాకు స్వార్థము లేదు.

కరెంటు సంగతి చీటిలో లేనే లేదు. కాని నాకది స్వానుభవము. నాకు మా యూరిలో రెండెకరములున్నవి. మూడేండ్ల క్రిందట నేనును ఒక చిన్న గానుగ తెచ్చి, బోరు మోటారునకు వచ్చు వ్యవసాయ కనెక్షనునుండియే తీగ లాగి నడిపితిని. నా పొలము, నా నువ్వులు, నా బోరు. ఇందు తప్పేమి యని నా యాలోచన. ఇతరుల కాగితములను తర్జుమా చేయువాడను, నా కాగితమును చదువలేదు. రెండు నెలలకు తనిఖీవారు వచ్చిరి. 2003 విద్యుత్ చట్టము ప్రకారము ఏ పనికి ఇచ్చిన కరెంటును ఆ పనికే వాడవలెను. వేఱుగా వాడినచో ఆ పనికి తగిన రేటునకు రెండింతలు కట్టవలెను. ఎప్పటినుండి వాడితినో నాయొద్ద ఆధారము లేదు. ఆధారము లేనిచో వెనుకటి పండ్రెండు నెలలకు లెక్క కట్టుదురు. ఆ యేటి నువ్వుల సొమ్మంతయు దానికే పోయెను. మా యింటివారు ఇప్పటికిని నువ్వుల నూనె సీసా చూచినప్పుడు నావైపు చూతురు. నేను తగవు పెట్టలేదు, తప్పు నాది. గానుగకు వేఱు మీటరు పెట్టించి యుండినచో నెలకు కొన్ని వందలతో పోయెడిది. వ్యవసాయమునకు ఉచితముగా వచ్చు కరెంటుతో నూనె గానుగ, పిండిమర, పాలు చల్లబఱచు యంత్రము నడుపుచున్నవారు ఈ సభలో నుండవచ్చును. వారిని పేరు పెట్టి అడుగను. ఈ దినము ఇంటికి పోయి తీగను చూచుకొనుడు.

ఇప్పుడు ఆ రైతునకు నేను చెప్పినది వినుడు. మామిడికి, నువ్వులకు ఏ రిజిస్ట్రేషనును వలదు. భూమి వర్గమును ముట్టవలదు. వస్తు సేవల పన్నులో చేరవలదు, నూనెను ఎల్ల దాటించి అమ్మవలదు. కోడలి పేర ఆహార భద్రత రిజిస్ట్రేషను ఈ నెలలోనే తీసికొనవలెను. ఉద్యమ్ నమోదు ఆమెయే చేసికొనవచ్చును. మీసేవలో చేయించినను వారి రుసుము మాత్రమే. గానుగకు వేఱు మీటరు. నూఱు పుటల నోటుపుస్తకమొకటి: ఒక ప్రక్క నువ్వుల తూకము, ఆ దినపు సంత ధర, మఱియొక ప్రక్క నూనె అమ్మకము, సీసాల ఖర్చు, పాలకు వేఱు పుట.

నేను చెప్పినదంతయు అందఱకు ఇట్లే వర్తించునని తలపవలదు. ఒకని కోడలు చేయు నూనెకు పట్టణములో గిరాకి పెరిగి, చుట్టుప్రక్కల రైతుల నువ్వులు గూడ కొని ఆడించవలసి వచ్చినచో, అప్పుడు సొంత పంట అను మాట పోవును. సంత ధర తీసివేయు లెక్క పరాయి నువ్వులకు లేదు, కొన్న ధరయే ఖర్చు. ఆ దినమున ముచ్చట ముగిసి దుకాణము మొదలైనట్లు. అట్టివారు వెనుకాడక ఆడిటరును చూచి, పుస్తకములు సరిగా పెట్టి, వస్తు సేవల పన్నులో చేరుట మేలు. ఏలయనగా పెద్ద దుకాణములవారు పన్ను నంబరు లేనివానియొద్ద కొనుటకు ఇష్టపడరు. రిజిస్ట్రేషను ఒక బరువే యైనను, అమ్మకము పెరిగినవానికి అది మోయదగిన బరువు. ఎకరమున్నర మెట్టకు మాత్రము గాదు. పాల విషయములోను అంతే. రెండు గేదెలు వేఱు, ఇరువది గేదెలు వేఱు.

ఆ రైతు నేను చెప్పినదంతయు విని, పదునైదు వేలను మరల కట్టగట్టి లోపలి జేబులో పెట్టుకొనెను. ఆ సొమ్ములో కొంత మీటరునకు, మిగిలినది అప్పిచ్చినవానికి అనెను. కచ్చేరీ గేటు దాటినవాడు మరల వెనుకకు వచ్చి, "మా ఇంటిదానికి పండ్రెండు కోళ్ళున్నవి, గ్రుడ్లు ప్రక్కింటివారికి అమ్ముచున్నది, దాని మాట అడుగుట మఱచితిని, అడుగనిచో ఇంటికి రానీయదు" అనెను. పండ్రెండు కోళ్ళ గ్రుడ్లకు ఏ పుస్తకముతోను పనిలేదని చెప్పి పంపితిని. ప్రక్కింటివారి బాకీ మాత్రము వ్రాసికొనుమంటిని.